గొంతులు ఆగిపోయాక మిగిలే పని

(స్కిజోఫ్రీనియా ఉన్నవారి కుటుంబ సభ్యుల సమావేశంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఇంత ఎండలో ఇక్కడికి రావాలంటే ఇంట్లో ఉన్నవారిని ఎవరికో ఒకరికి అప్పగించి రావాలి. ఆ ఏర్పాటు చేసుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసు, రోజూ మీతో మాట్లాడుతున్నాను కాబట్టి నాకూ కొంత తెలుసు. అందుకని ఉపోద్ఘాతం పెట్టుకోకుండా విషయంలోకి వస్తాను.

మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు చెప్పేవి ఒక రకం మాటలు. ‘‘గోడవైపు చూసి మాట్లాడుతున్నాడండీ’’, ‘‘అన్నంలో ఏదో కలిపామని గొడవ చేస్తోంది’’, ‘‘రాత్రంతా పడుకోవడం లేదు’’. మందులు మొదలవుతాయి. చాలామందిలో కొన్ని వారాలకో నెలలకో చెవిలో వినిపించే గొంతులు తగ్గుతాయి, అనుమానాలు సర్దుకుంటాయి. ఏడాది తిరిగాక అదే తల్లి వచ్చి ఇంకో రకం మాటలు చెబుతుంది. ‘‘గొడవ లేదండీ, కానీ ఏ పనీ సాగదు. బజారుకు పంపితే నాలుగు వస్తువులు చెప్పినచోట రెండు తెస్తాడు. టీవీలో సినిమా పెట్టుకుని సగంలో లేచిపోతాడు. స్నానానికి వెళ్లమంటే అరగంట మంచం మీదే కూర్చుంటాడు. డిగ్రీ చదివినవాడు, ఇప్పుడు పేపర్లో ఒక వార్త కూడా చివరిదాకా చదవడు. బద్ధకం పట్టుకుంది.’’

ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ. ముందు చెప్పినవన్నీ అక్షరాలా నిజం. బద్ధకం అన్నది మాత్రం మనం అంటించిన పేరు. నాలుగు వస్తువులు తెమ్మన్నప్పుడు ఆ నాలుగింటినీ దుకాణం చేరేదాకా మనసులో పట్టి ఉంచుకోవాలి. దారిలో ఎవరో పలకరిస్తే జవాబు చెప్పి మళ్లీ జాబితాకు తిరిగి రావాలి. దుకాణదారు ‘ఆ బ్రాండు లేదు, ఇది తీసుకుంటారా’ అంటే అప్పటికప్పుడు ఆలోచన మార్చుకోవాలి. మనకు ఇవన్నీ తెలియకుండా జరిగిపోతాయి. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామందిలో సరిగ్గా ఈ శక్తులే దెబ్బతింటాయి. గుర్తుంచుకోవడం, నిలకడగా గమనించడం, వేగంగా ఆలోచించడం, ఒక పద్ధతి పనిచేయకపోతే ఇంకో పద్ధతికి మారడం. వీటన్నిటినీ కలిపి విషయగ్రహణ శక్తి అంటున్నాం.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ఈ జబ్బును తొలిసారి విడదీసి వర్ణించిన జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, దీన్ని చిన్న వయసులోనే బుద్ధి క్షీణించే జబ్బుగా చూశాడు. రోజురోజుకూ దిగజారడమే తప్ప కోలుకోవడం అరుదని ఆయన అభిప్రాయం. అది మరీ నిరాశతో కూడిన మాట. 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లూలర్ ఆ పేరు మార్చి స్కిజోఫ్రీనియా అన్నాడు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ అనే మందు మానసిక రోగుల వార్డుల్లోకి వచ్చింది. అప్పటి నుంచి అందరి చూపూ గొంతుల మీదికీ అనుమానాల మీదికీ మళ్లింది. మందు వాటి మీద పనిచేస్తోంది కాబట్టి అవే జబ్బు అనుకున్నాం. జ్ఞాపకం, ఏకాగ్రత సంగతి పక్కకు పోయింది.

దాన్ని మళ్లీ మధ్యకు తెచ్చినవారిలో అమెరికాకు చెందిన మైకేల్ గ్రీన్ ముఖ్యుడు. 1996లో ఆయన అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశాడు. ఒక మనిషి ఉద్యోగం చేయగలడా, నలుగురితో మెలగగలడా, నేర్పినది నేర్చుకోగలడా అన్నవి గొంతులు ఎంత వినిపిస్తున్నాయన్న దానికంటే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత ఎలా ఉన్నాయన్న దానితోనే ఎక్కువ ముడిపడి ఉన్నాయని తేలింది. ఈ మాట మీరు ఇంటికి పట్టుకెళ్లాలి. మందులు సరిగ్గా వాడుతున్నా, గొంతులు లేకపోయినా, మీ అబ్బాయి పనిలో నిలవలేకపోతున్నాడంటే కారణం ఇక్కడ ఉండవచ్చు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ లోపాలు అందరిలో ఒకేలా ఉండవు. కొందరిలో పరీక్షలు పెడితే దాదాపు మామూలుగానే వస్తాయి. కొందరిలో జబ్బు బయటపడటానికి ముందే, ఇంటర్‌లోనో డిగ్రీలోనో మార్కులు తగ్గడం రూపంలో మొదలై ఉంటాయి. మీలో కొందరు తల ఊపుతున్నారు. అవును, అప్పట్లో స్నేహాల వల్లనో ఫోను వల్లనో అనుకుని ఉంటారు.

ఇక అసలు ప్రశ్న. దెబ్బతిన్న ఈ శక్తుల్ని శిక్షణతో మెరుగుపరచగలమా? దీని మీద ఒకప్పుడు మంచి వాదమే జరిగింది. అది ఒక పేకాట లాంటి పరీక్ష చుట్టూ నడిచింది. విస్కాన్సిన్ కార్డుల పరీక్ష అంటారు. మీ ముందు నాలుగు కార్డులు పరుస్తారు. ఒకదాని మీద ఒక ఎర్ర త్రిభుజం, ఒకదాని మీద రెండు ఆకుపచ్చ నక్షత్రాలు, మూడోదాని మీద మూడు పసుపు పచ్చ శిలువలు, నాలుగోదాని మీద నాలుగు నీలం వృత్తాలు. చేతికి ఒక్కో కార్డు ఇచ్చి ‘దీన్ని ఏ కార్డు కింద పెడతారో పెట్టండి’ అంటారు. రంగును బట్టి పెట్టాలా, ఆకారాన్ని బట్టా, సంఖ్యను బట్టా అన్నది చెప్పరు. పెట్టాక ‘సరైనదే’ లేదా ‘తప్పు’ అని మాత్రం అంటారు. మీరే నియమం కనిపెట్టాలి. వరుసగా పది సరిగ్గా పెట్టగానే, చెప్పకుండా నియమం మార్చేస్తారు. మనం రెండు మూడు సార్లు తప్పు అనిపించుకుని దారి మార్చుకుంటాం. స్కిజోఫ్రీనియా ఉన్న చాలామంది ‘తప్పు, తప్పు’ అని వినిపిస్తున్నా పాత నియమం ప్రకారమే పెట్టుకుంటూ పోతారు. మొండితనం కాదు, మార్చుకునే యంత్రాంగమే కదలడం లేదు.

1987లో టెర్రీ గోల్డ్‌బర్గ్ బృందం అమెరికాలో రోగులకు ఈ పరీక్షను దగ్గర కూర్చుని నేర్పి చూసింది. కార్డు కార్డుకూ చెబుతున్నంతసేపూ బాగానే పెట్టారు. చెప్పడం ఆపగానే మళ్లీ మొదటికి వచ్చారు. అంటే ఇది నేర్పితే వచ్చేది కాదని చాలామంది తీర్మానించుకున్నారు. మూడేళ్ల తర్వాత, 1990లో, అలన్ బెలాక్ బృందం మరో దారి తొక్కింది. నియమాలను విడమరచి నేర్పారు, సరైన జవాబుకు చిన్న మొత్తం డబ్బు కూడా ఇచ్చారు. ఈసారి మెరుగుపడ్డారు, మర్నాడు పరీక్షించినా ఆ మెరుగు నిలిచింది. నేర్పలేమన్నది రోగి లోపం కంటే మనం నేర్పే తీరులోని లోపమేనేమో అన్న అనుమానం అక్కడ బలపడింది. నా మటుకు నాకు ఈ రంగంలో ఇంతకంటే ముఖ్యమైన మలుపు లేదు.

అప్పటి నుంచి రకరకాల పద్ధతులు వచ్చాయి. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో బృందంగా కూర్చోబెట్టి నేర్పే పద్ధతి, న్యూయార్క్‌లో ఆలిస్ మెడాలియా రూపొందించిన, రోగి ఆసక్తికి పెద్దపీట వేసే పద్ధతి, లండన్ కింగ్స్ కాలేజీలో టిల్ వైక్స్, క్లేర్ రీడర్ తయారుచేసిన కంప్యూటర్ ఆధారిత పద్ధతి. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి అరగంట నుంచి గంట, మొత్తం కొన్ని నెలల పాటు సాగుతుంది.

గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో వాడే అభ్యాసాల్లో ఒకటి గింజలు వేరుచేయడం. కంప్యూటర్ అక్కర్లేదు. పళ్లెంలో కందులు, పెసలు, సెనగలు కలిపి ముందు పెడతాం. మూడు గిన్నెలు ఇస్తాం. నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు, ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చే చెబుతున్నాను, మొదటిరోజు చేతికి ఏది తగిలితే అది తీసి గిన్నెలో వేశాడు. కాసేపటికి కందుల గిన్నెలోకి పెసలు పడటం మొదలైంది. తర్వాత చేయి ఆగిపోయింది, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను తొందరపెట్టలేదు. పళ్లెంలో గింజలు సగానికి తగ్గించాను, రకాలు రెండే ఉంచాను. అప్పుడు చివరిదాకా చేశాడు. అలా చేయడానికి కారణం ఉంది. ఈ శిక్షణలో మొదటి మెట్టు ఎప్పుడూ సులువుగా ఉండాలి, పదిసార్లలో ఎనిమిదిసార్లయినా సరిగ్గా రావాలి. ఏళ్ల తరబడి ‘నీకు రాదు’ అని వింటూ వచ్చిన మనిషికి ఇంకో ఓటమి చూపించడం చికిత్స అనిపించుకోదు.

పని అయ్యాక అడిగాను: ‘‘ఎలా చేశారు?’’ చాలాసేపు ఆలోచించాడు. ‘‘వచ్చినవి వచ్చినట్టు తీశాను’’ అన్నాడు. ‘‘ఇంకో రకంగా చేయవచ్చా?’’ అన్నాను. ఆ రోజు జవాబు రాలేదు. తర్వాత ఒక రోజు తనే అన్నాడు, ‘‘ముందు సెనగలన్నీ ఏరేస్తానండీ, పెద్దవి కదా, అప్పుడు మిగిలినవి తేలిక’’ అని. శిక్షణ అసలు మొదలైంది ఆ క్షణంలోనే. గింజలు ఏరడంలో వేగం పెరగడం వల్ల ఎవరి జీవితమూ మారదు. పనిని చూడగానే ‘దీన్ని ఎక్కడ మొదలుపెడితే తేలిక’ అని తనను తాను అడగడం అలవాటైతే మారుతుంది.

ఇంకో అభ్యాసం అక్షరాలు కొట్టేయడం. కాగితం నిండా అక్షరాలు వరుసల్లో ఉంటాయి. ‘మ’ ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత పెట్టాలి. మన లిపిలో ఇది చెప్పుకోదగ్గ పరీక్షే, పక్కనే ‘య’, ‘వ’ కాచుకుని కూర్చుంటాయి. మొదట్లో వరుసలు దాటేస్తారు. కింద స్కేలు పెట్టుకుని చదవండి అంటాం. కొన్నాళ్లకు స్కేలు తీసేసి వేలు పెట్టమంటాం. తర్వాత వేలు కూడా తీసేస్తాం. ఆ తర్వాత అడిగేది ఇది: ‘‘ఈ వేలు పెట్టి చదివే పద్ధతి ఇంట్లో ఎక్కడ పనికొస్తుంది?’’ కరెంటు బిల్లు చూసేటప్పుడనో, బస్టాండులో వేళల పట్టిక చూసేటప్పుడనో జవాబు వస్తే ఆ వారం ఇంటిపని అదే.

ఈ ‘ఇంట్లో ఎక్కడ’ అన్న ప్రశ్న లేకపోతే అంతా వృథా అని నా గట్టి అభిప్రాయం. అభిప్రాయమే కాదు, లెక్కలూ అటే చూపిస్తున్నాయి. 2011లో టిల్ వైక్స్ బృందం 40 అధ్యయనాలు, 2,104 మంది రోగుల సమాచారం కలిపి చూసింది. జ్ఞాపకం, ఏకాగ్రత వంటివాటిలో ఒక మోస్తరు మెరుగు కనిపించింది, శిక్షణ ముగిశాక కూడా నిలిచింది. గొంతులు, అనుమానాల మీద ప్రభావం చాలా స్వల్పం, అది కూడా నిలవలేదు. అంటే ఇది మందుకు బదులు వాడేది కానే కాదు. మందు ఆపి శిక్షణకు వస్తామంటే నేను ఒప్పుకోను. 2021లో ఇటలీకి చెందిన ఆంటోనియో వీటా బృందం 130 అధ్యయనాలు, 8,851 మందితో మరింత పెద్ద లెక్క వేసింది. సగటు మెరుగు పాత అంచనా కంటే కాస్త తక్కువే వచ్చింది. అద్భుతాలు ఆశించి వచ్చినవారికి ఇది నిరుత్సాహంగా ఉండవచ్చు. కానీ అదే లెక్కలో ఇంకో సంగతి బయటపడింది. పక్కన శిక్షకుడు చురుగ్గా ఉండి, ఆలోచించే పద్ధతుల్ని క్రమంగా నేర్పి, ఇతర పునరావాస కార్యక్రమాలతో కలిపి నడిపినచోట ఫలితం స్పష్టంగా ఎక్కువ.

ఇంగ్లండ్‌లో తొలిసారి జబ్బు పడినవారి మీద జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. 377 మంది పాల్గొన్నారు. కొందరికి ఒక్కొక్కరికి విడిగా, కొందరికి బృందంగా, కొందరికి మీరే చేసుకోండి అని శిక్షణ ఇచ్చారు. ఎవరి లక్ష్యం వారే పెట్టుకున్నారు, అది ఎంతవరకు చేరారన్నది కొలిచారు. మనిషి తోడున్న రెండు పద్ధతులూ పనిచేశాయి. సొంతంగా చేసుకోమని వదిలేసిన పద్ధతికి ఆ ఫలితం రాలేదు.

అందుకే మెదడుకు పదును పెడతామంటూ ఫోన్లలో అమ్మే ఆటల గురించి మీరు అడిగినప్పుడు నాకు కాస్త చిరాకు వస్తుంది, క్షమించండి. ఆట ఆడితే ఆ ఆట బాగా వస్తుంది. స్కోరు పెరుగుతుంది, చందా డబ్బులు పోతాయి, బజారు నుంచి మాత్రం రెండు వస్తువులే వస్తాయి. అబ్బాయికి ఆట ఇష్టమైతే ఆడనివ్వండి, కాలక్షేపం మంచిదే. చికిత్స అని పేరు పెట్టకండి.

మెదడు స్కానుల గురించి కూడా అడుగుతారు. పిట్స్‌బర్గ్‌లో రెండేళ్ల పాటు శిక్షణ ఇచ్చిన ఒక అధ్యయనంలో, 2010లో వచ్చింది, జ్ఞాపకానికి సంబంధించిన కొన్ని భాగాల్లో మెదడు పదార్థం తగ్గకుండా నిలిచినట్టు కనిపించింది. మంచి వార్తే. కానీ స్కాను బొమ్మ కంటే పొద్దున లేచి తన మందులు తను వేసుకున్నాడా అన్నదే నాకు పెద్ద కొలత.

ఉద్యోగం సంగతి చూడండి. అమెరికాలో సూసన్ మెక్‌గర్క్ బృందం 2015లో ప్రచురించిన పరీక్షలో, ఉద్యోగం చూపించే కార్యక్రమంలో చేరి కూడా ఫలితం రాని 107 మందిని తీసుకున్నారు. మెరుగుపరిచిన ఉద్యోగ సహాయం ఒక్కటే అందినవారిలో 36 శాతం మందికి ఉద్యోగాలు వచ్చాయి. దానికి విషయగ్రహణ శిక్షణ కూడా తోడైనవారిలో 60 శాతం మందికి వచ్చాయి. రెండూ కలిపితేనే అన్నది ఇక్కడ గమనించాలి. మన దగ్గర శిక్షణ దొరికినచోట ఉద్యోగ సహాయం ఉండదు, అది ఉన్నచోట ఇది ఉండదు. పెద్ద మానసిక వైద్యశాలలు దాటితే శిక్షణ పొందిన సైకాలజిస్టులే తక్కువ. జిల్లాల్లో ఉన్నవారికి వారానికి మూడుసార్లు హైదరాబాదుకో విశాఖకో రమ్మని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ ఇబ్బందికి జవాబు వెతికినవారు మన దేశంలోనే ఉన్నారు. నిమ్హాన్స్‌లో శాంతల హెగ్డే, శోభిని రావు, సహచరులు, జబ్బు మొదటిసారి వచ్చినవారికి ఇంటి దగ్గరే చేసుకునే రెండు నెలల శిక్షణ తయారుచేసి, 45 మంది మీద పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. కాగితం, పెన్ను, ఇంట్లో దొరికే వస్తువులు చాలు. ఒకేసారి రెండు విషయాల మీద దృష్టి పెట్టడం, ఆలోచన మార్చుకోవడం, ముందుగా ప్రణాళిక వేసుకోవడం మెరుగుపడ్డాయి. చిన్న అధ్యయనం, పెద్ద మాటలు చెప్పలేం. అయినా ఖరీదైన కంప్యూటర్లు లేకుండా ఇది నడుస్తుందని చూపించింది. పక్కన కూర్చునే మనిషి మీలో ఒకరు కావచ్చు. అయితే పర్యవేక్షణ మాత్రం సైకాలజిస్టు చేతిలోనే ఉండాలి. ఇంట్లో మనమే గురువులమైతే మూడోరోజుకు అది హోంవర్కూ, నాలుగోరోజుకు పోట్లాటా అవుతుంది.

మందుల గురించి ఒక సంగతి చెప్పి తీరాలి. ఈ జబ్బు మందుల వల్ల వచ్చే చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం తగ్గడానికి ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర ఇస్తారు. మీ చీటీల్లో చాలావాటిలో ఉంటుంది. ఇలాంటి మాత్రలు జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. 2009లో సోఫియా వినోగ్రడోవ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసి చూపించింది. రక్తంలో ఈ తరహా మందుల ప్రభావం ఎంత ఎక్కువ ఉంటే, శిక్షణ వల్ల కలిగే లాభం అంత తక్కువ. ఒక పక్క జ్ఞాపకానికి శిక్షణ ఇస్తూ, ఇంకో పక్క దాన్ని తగ్గించే మాత్ర ఏళ్ల తరబడి అవసరం లేకుండా మింగిస్తుంటే లాభమేమిటి? దయచేసి ఇంటికెళ్లి ఆ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. హఠాత్తుగా ఆపితే వణుకు, బిగుసుకుపోవడం తిరగబెడతాయి. వచ్చేసారి వెళ్లినప్పుడు ‘ఇది ఇంకా అవసరమా డాక్టరుగారూ, తగ్గించవచ్చా’ అని అడగండి. అడిగితే తప్పుగా అనుకునే డాక్టరు ఉండరు, ఉన్నా అడగండి.

జ్ఞాపకాన్నీ ఏకాగ్రతనూ పెంచే మందే వస్తే బాగుంటుంది కదా అంటారు. అందరం ఎదురుచూశాం. ఐక్లెపర్టిన్ అనే మందు మీద పెద్ద ఆశలు పెట్టుకున్నారు. 2025 జనవరిలో తుది దశ పరీక్షల్లో అది నెగ్గలేదని తయారీ సంస్థే ప్రకటించింది. మాత్ర వచ్చేదాకా ఆగుదాం అనుకునేవారికి నా దగ్గర ప్రోత్సాహం లేదు.

ఇంట్లో రేపటి నుంచి చేయగలిగినవి కొన్ని చెబుతాను. ఒకసారి ఒకే పని చెప్పండి. ‘స్నానం చేసి, బట్టలు ఆరేసి, పాలు తెచ్చిపెట్టు’ అనడం మూడు పనులు. చెప్పాక జవాబు కోసం మనసులో పది లెక్కపెట్టండి. మాట వినపడలేదనుకుని గొంతు పెంచేలోపే వారు జవాబు కూర్చుకుంటూ ఉంటారు. జాబితా మీరు రాసివ్వకండి, వారి చేతే రాయించండి, వారి జేబులోనే పెట్టుకోనివ్వండి. టీవీ ఆపి మాట్లాడండి. లక్ష్యం కూడా వారినే పెట్టుకోనివ్వండి. మీకు ఉద్యోగం ముఖ్యం కావచ్చు, వారికి ఒంటరిగా బస్సెక్కి మేనత్త ఊరు వెళ్లి రావడం ముఖ్యం కావచ్చు. బస్సుతోనే మొదలుపెట్టండి.

శిక్షణ ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికి ముందు మీ సైకియాట్రిస్టును అడగండి, క్లినికల్ సైకాలజిస్టుకు రాసివ్వమనండి. ఊళ్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, దగ్గరలో ఏ సేవలున్నాయో కనుక్కోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉంది. వైకల్య ధ్రువపత్రం తీసుకోవడానికి మొహమాటపడకండి.

మీరు ముందే రాసిచ్చిన చీటీలు ఇక్కడ చాలా ఉన్నాయి. పెళ్లి గురించి ఉన్నవాటిని పక్కన పెడుతున్నాను, దానికి ఇంకో పూట కావాలి. ఎక్కువ చీటీల్లో వణుకు మాత్ర గురించే ఉంది కాబట్టి దానితో మొదలుపెడదాం. వెనక వరుసలో చెయ్యెత్తిన అమ్మగారు ముందు అడగండి.